పిల్లి థైరాయిడ్‌కు మనిషి కొలతలు పనికిరావు

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ ఆరోగ్య పేజీలో థైరాయిడ్ గురించి తరచు వ్యాసాలు వస్తుంటాయి. అదే గ్రంథి వయసు మళ్లిన పిల్లులనూ బాధిస్తుందని, దానికి మాత్రలతో వైద్యం ఉందని, అయితే మనుషుల విషయంలో మనకు అలవాటైన లెక్కలు ఆ వైద్యంలో అడుగడుగునా తప్పుదోవ పట్టిస్తాయని మా ఇంటి అనుభవంతో తెలియజేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పిల్లికి 14 ఏళ్లు. నిరుడు వేసవి నుంచి దాని ఆకలి పెరిగింది, ఒళ్లు మాత్రం తగ్గింది. చేప కలిపిన అన్నం రోజుకు నాలుగుసార్లు పెట్టినా గిన్నె నాకేసి మళ్లీ వంటింటి గడప దగ్గర కూర్చునేది. నాలుగు కిలోలకు పైబడి ఉన్నది మూడు కిలోలకు దిగింది. నీళ్లు ఎక్కువగా తాగడం, అర్ధరాత్రి ఇల్లంతా తిరుగుతూ గొంతెత్తి అరవడం కూడా మొదలయ్యాయి. ముసలితనమని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. మొదట చూపించిన చోట కూడా నులిపురుగుల మందు ఇచ్చి పంపారు.

తరువాత చూసిన డాక్టరుగారు గొంతు తడిమి, గుండె నిమిషానికి 240 సార్లు కొట్టుకుంటోందని గమనించి, రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను కొలిచే టీ4 పరీక్ష చేయించమన్నారు. దగ్గరలో జంతువుల రక్తానికి వేరే ల్యాబ్ లేనందున మనుషుల ల్యాబ్‌లోనే చేయించాం. డెసిలీటరుకు 9 మైక్రోగ్రాములు అని వచ్చింది. కాగితంలో దాని పక్కనే మనుషుల హద్దు, 5 నుంచి 12 వరకు, అచ్చయి ఉండడంతో అంతా సవ్యంగానే ఉందని సంతోషించాం. పిల్లులలో ఆ పై హద్దు సుమారు 4 నుంచి 5 మధ్యనే ఉంటుందని, అంటే మా పిల్లిలో హార్మోన్ దాదాపు రెట్టింపు ఉన్నదని డాక్టరుగారు చెప్పేదాకా మాకు తెలియదు. హార్మోన్ ఒకటే, కొలిచే యంత్రమూ ఒకటే, హద్దులే వేరు.

రెండో పొరపాటు మందు పేరులో జరగబోయింది. మన ఇళ్లలో థైరాయిడ్ మాత్ర అంటే పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాక్సిన్. అది హార్మోన్ చాలనివారికి ఇచ్చేది. ముసలి పిల్లులలో వచ్చేది దాదాపు ఎప్పుడూ దీనికి విరుద్ధంగా, గ్రంథిలో పెరిగిన గడ్డల వల్ల హార్మోన్ మితిమీరడం. ఆ గడ్డలు క్యాన్సర్ కావడం నూటికి రెండు మూడు సందర్భాలలోనే. మా కోడలు వేసుకునే మాత్రలో చిన్న ముక్క పిల్లికి పెట్టి చూడమని ఒక బంధువు ఆప్యాయంగా ఇచ్చిన సలహా పాటించి ఉంటే అగ్నికి ఆజ్యం పోసినట్టే అయ్యేది.

పిల్లికి ఇచ్చేది మెథిమజోల్, లేదా శరీరంలో చేరాక మెథిమజోల్‌గా మారే కార్బిమజోల్. మాకు 5 మిల్లీగ్రాముల మెథిమజోల్ మాత్రలో సగం ఉదయం, సగం సాయంత్రం ఇమ్మన్నారు. (చేపముక్కలో దాచి పెడితే చేప తిని మాత్రను పళ్లెంలో వదిలేసే నేర్పు దానిది. చివరకు నోరు తెరిచి వేయడమే అలవాటు చేసుకున్నాం.) గర్భిణులు ఈ మందును తాకకూడదని, తక్కినవారు కూడా గ్లౌజులు వేసుకుని మాత్ర విరవాలని చెప్పారు. మొదటి మూడు నెలలలో వాంతులు, తిండి మానడం, ముఖం గీరుకోవడం, జ్వరం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు; రక్తకణాలు, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఆ కాలంలోనే ఎక్కువట.

మూడు వారాలకు మళ్లీ రక్తం తీసి టీ4తో పాటు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూశారు. మితిమీరిన హార్మోన్ మూత్రపిండాల గుండా రక్తాన్ని ఉధృతంగా నడిపించి వాటి బలహీనతను కప్పిపుచ్చుతుంది. మందుతో హార్మోన్ తగ్గాక అసలు స్థితి బయటపడుతుంది. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, పరీక్షలు చూసుకుంటూ సరిచేస్తారు. మా పిల్లికి క్రియాటినిన్ కొద్దిగా పెరిగింది గాని, మందు ఆపవలసినంత కాదన్నారు.

బరువు తిరిగి వచ్చాక మేమే ఒక తప్పు చేశాం. జ్వరం తగ్గితే మందు ఆపినట్టు, ఊరికి వెళ్లినప్పుడు పది రోజులు మాత్రలు మానేశాం. తిరిగి వచ్చేసరికి పాత అరుపులే. ఈ మందు హార్మోన్ తయారీని అడ్డుకుంటుందే తప్ప గడ్డను కరిగించదు. ఆపిన కొద్ది రోజులకే హార్మోన్ మళ్లీ పెరుగుతుంది. శస్త్రచికిత్స, గడ్డను నశింపజేసే రేడియో అయోడిన్ వంటివి చేయించనంత కాలం మాత్ర జీవితాంతం వేయవలసిందే.

రక్తపరీక్ష కేంద్రాల వారికి ఒక చిన్న విన్నపం. నమూనా పిల్లిదని చెప్పి ఇచ్చినప్పుడు కాగితంపై మనుషుల హద్దులు అచ్చు వేయకుండా ఆ గడిని ఖాళీగా వదిలి, పైన పిల్లి రక్తమని రాయండి. జిల్లా పశువైద్యశాలల్లో పశువులకు, గొర్రెలకు ప్రాధాన్యం సహజమే. అయినా పదేళ్లు దాటిన పిల్లి తింటూనే చిక్కిపోతుంటే టీ4, క్రియాటినిన్ పరీక్షలు రెండూ రాసివ్వాలని అక్కడి వైద్యులకు పశుసంవర్ధక శాఖ ఒక సూచన పంపితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ జిల్లా