ఈసీజీ నార్మల్ అన్నాక కూడా అడగాల్సినవి ఉన్నాయి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇచ్చే ప్రతి ఓపీ చీటీ మీదా మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే 14416 నంబరు ముద్రించాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏళ్ల తరబడి క్యాజువాల్టీలో పనిచేసి రిటైరైన స్టాఫ్ నర్సుని. ఈ కోరిక అక్కడి నుంచే పుట్టింది.

రాత్రిపూట గుండె పట్టుకుని పరుగున వచ్చేవాళ్లలో కొందరి ఈసీజీలో ఏ తేడా కనబడదు. గుండె దడ, ఒళ్లంతా చెమటలు, ఆయాసం, చేతివేళ్లకు తిమ్మిర్లు, ప్రాణం పోతోందన్న భయం మాత్రం కళ్లెదుటే ఉంటాయి. గ్యాస్ ఇంజెక్షన్ ఒకటి చేసి, 'నీకేం లేదమ్మా, టెన్షన్ పడకు' అని పంపేస్తారు. కొన్నాళ్లకు ఆమె ఇంకో ఆస్పత్రిలో తేలుతుంది. అక్కడ టూడీ ఎకో, ఆ తర్వాత ఎండోస్కోపీ, ఒక్కోసారి తలకు స్కాన్. కూలి డబ్బులతో బతికే ఇంట్లో అప్పు తెచ్చి చేయించిన పరీక్షలన్నీ నార్మల్ అని వస్తే, ఇంట్లోవాళ్లు 'నాటకాలాడుతోంది' అంటారు. పేషెంటు వింటుండగానే అంటారు.

అది నాటకం కానే కాదు. ఆందోళన పెరిగితే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెడా భుజాలూ బిగుసుకుపోతాయి, కడుపులో తిప్పుతుంది. ఊపిరి గబగబా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లకు, పెదాల చుట్టూ తిమ్మిర్లెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి. దాంతో భయం ఇంకా పెరుగుతుంది, ఊపిరి ఇంకా వేగమవుతుంది. ప్యానిక్ అటాక్ అంటే ఇదే. సాధారణంగా 10 నిమిషాల్లోపే తీవ్రంగా మారి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. పరీక్షల రోజుల్లో పిల్లలకు వచ్చే కడుపునొప్పి, వాంతుల వెనకా చాలాసార్లు ఈ ఆందోళనే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఛాతీలో నొప్పి వస్తే ముందు ఆస్పత్రికే వెళ్లాలి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు. థైరాయిడ్, రక్తహీనత కూడా దడ తెప్పిస్తాయి. ఆడవాళ్ల గుండెనొప్పిని పరీక్ష చేయకుండానే టెన్షన్ అని కొట్టిపారేయడం ఇంకా ప్రమాదం. నేను మాట్లాడేది పరీక్షలన్నీ అయ్యాక ఏం చేయాలన్న దాని గురించి.

ఆందోళనను గుర్తించడానికి 7 ప్రశ్నల పట్టిక ఒకటి వైద్యుల దగ్గర ఉంది. గడిచిన రెండు వారాల్లో మనసు ఎలా ఉందో అడుగుతుంది, కొద్ది నిమిషాల పని. పీహెచ్‌సీలోని నర్సుకు శిక్షణ ఇస్తే చాలు, ఆమే అడగగలదు. జవాబులు చూసి డాక్టరు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పంపవచ్చు. ఆ కార్యక్రమం దేశంలో 1996లోనే మొదలైంది. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో ఈ జబ్బు నయమవుతుంది. అలా పంపేవారు లేకనే జనం మందుల షాపుకెళ్లి ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం మాత్రలు కొనుక్కుంటున్నారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, అలవాటైతే మానడం కష్టం. దీని మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు గట్టిగా తనిఖీలు చేయాలి.

14416 టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, కాల్ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక వైద్యం ప్రతి ఒక్కరి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఒంటి జబ్బులతో సమానంగా దీనికి బీమా ఇవ్వాలన్నది అందులోనే ఉంది. ఇవేవీ తెలియని మనిషి చేతిలో ఆస్పత్రి వదిలేటప్పుడు మిగిలేది ఓపీ చీటీ ఒక్కటే. అందుకే నంబరు దాని మీదే ఉండాలంటున్నాను. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ కొత్త చీటీలు అచ్చు వేయించేటప్పుడైనా ఈ ఒక్క లైను చేర్చాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, నరసరావుపేట