ఉచిత ప్రవేశం వద్దు, నేల సరిచేయండి

సంపాదకులకు నమస్కారం.

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఇటీవల జరిగిన ఆరుబయట సంగీతోత్సవం గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. దివ్యాంగులకు ప్రవేశం ఉచితమనీ, ముందువరసలో ప్రత్యేక స్థలం ఇచ్చారనీ నిర్వాహకులను మెచ్చుకున్నారు. ఆ ప్రత్యేక స్థలంలో కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. చిన్నతనంలో పోలియో వచ్చింది. చక్రాల కుర్చీ వాడతాను. రాజోలులో దర్జీ దుకాణం నడుపుతాను. నాతో మా చెల్లెలి కొడుకు వచ్చాడు, వాడికి పుట్టుకతోనే వినపడదు. మా ఇద్దరినీ టికెట్ అడగని మాట నిజమే. వచ్చేసారి మా దగ్గర టికెట్ డబ్బులు అణాపైసలతో సహా తీసుకోండి. లోపలికి మాత్రం మా అంతట మమ్మల్ని రానివ్వండి.

దర్జీదాన్ని కనుక సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. జనాన్ని వరసగా పంపడానికి వెదురు గడలు కట్టిన దారి 22 అంగుళాల వెడల్పు ఉంది. నా కుర్చీ 26 అంగుళాలు. ద్వారం కనీసం 900 మిల్లీమీటర్లు, అంటే 35 అంగుళాల పైచిలుకు ఉండాలని కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ర్యాంపు పొడవు దాని ఎత్తుకు పన్నెండు రెట్లు ఉండాలనీ వాటిలోనే ఉంది. మా కోసం కట్టిన అరుగు అడుగున్నర ఎత్తు. దానికి ఆనించిన చెక్క నాలుగు అడుగులు. ఉండవలసింది పద్దెనిమిది. చివరికి నలుగురు కుర్రాళ్లు వచ్చి, జగ్గన్నతోట తీర్థానికి ప్రభను మోసినట్టు, కుర్చీతో సహా నన్ను ఎత్తి కేకలు వేసుకుంటూ పైన దించారు. వాళ్ల మనసు మంచిదే. ఒకరి చెయ్యి జారితే విరిగేది మాత్రం నా నడుము. పైగా దిగాలన్నా ఆ నలుగురే రావాలి. పాటలు మొదలయ్యాక వాళ్లు ఎక్కడున్నారో ఎవరికి తెలుసు?

ఎవరూ అడగరు కాబట్టి ఇంకొక సంగతి నేనే చెబుతాను. ఇలాంటి చోటికి బయలుదేరే రోజు మధ్యాహ్నం నుంచి నేను మంచినీళ్లు తాగను. అక్కడ పెట్టిన మరుగుదొడ్ల పెట్టెలకు మూడేసి ఇనుప మెట్లుంటాయి. నేల మట్టంలో, కుర్చీ తిరిగేంత జాగాతో ఒక్కటి పెట్టించినా నాలాంటి ఆడవాళ్లు ఎంతమంది వస్తారో చూడండి.

ఇక ఇసుక. కుర్చీకి ముందు చక్రాలు చిన్నవి, ఇసుకలో పెట్టగానే దిగబడిపోతాయి. మన లంక భూముల సంగతి తెలిసిందే, మేట వేసిన చోట ఇసుక, మిగిలిన చోట చినుకు పడితే బంక. దీనికి విరుగుడు కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. కొబ్బరి పీచు చాపలు కోనసీమలోనే నేస్తారు. అయితే ఊరికే పరిస్తే చాప చక్రం కింద ముడుచుకుపోతుంది. బిగువుగా లాగి అంచుల వెంట మేకులు కొట్టాలి. బంక నేలైతే చాప కింద మందపాటి ప్లైవుడ్ వేయాలి. ఇనుప రేకులు మాత్రం వద్దు, చలికాలపు మంచుకు తడిసి జారతాయి. వాహనాలు ఆపే చోటు నుంచి అరుగు దాకా ఇలా ఒక్క దారి వేస్తే చాలు. పిల్లలను ఎత్తుకున్న తల్లులు, చేతికర్ర ఊతంగా నడిచే పెద్దలు కూడా ఆ దారినే వస్తారు.

మా అరుగు ముందువరసలోనే ఉంది కానీ స్పీకర్ల దొంతర పక్కన ఉంది. ఎదురుగా అతిథుల సోఫాలు. మృదంగం వాయించే ఆయన ఎడమ మోచెయ్యి తప్ప రాత్రంతా నాకేమీ కనిపించలేదు. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో నిలబడ్డవాళ్ల తలల మీదుగా వేదిక కనిపించేలా చక్రాల కుర్చీల వాళ్లకు ఎత్తైన అరుగులు కడతారు, పాటలకు సంజ్ఞాభాష అనువాదకులనూ ఏర్పాటు చేస్తారు. మన దగ్గర శబ్దం సరిచేసేవాళ్లు మైదానం మధ్యలో ఒక మంచె కట్టుకుంటారు కదా, దాని పక్కనే మాకూ చోటిస్తే సరిపోతుంది. పాట అన్నిటికంటే బాగా వినపడేదీ అక్కడే.

“వినపడని పిల్లాడిని కచేరీకి ఎందుకు తీసుకొచ్చావమ్మా?” అని పక్క వరసలోని పెద్దాయన ఒకరు అడిగారు. ఎగతాళిగా కాదు, తెలియకే అడిగారు. అప్పటికే మావాడు చెప్పులు విడిచి, అరుగు చెక్క మీద రెండు అరిచేతులూ ఆనించి కూర్చున్నాడు. డోలూ తాషా అందుకున్నాక నడక మారిన ప్రతిసారీ మోకాలి మీద వేళ్లతో కొట్టి నాకు చూపించాడు. ఒకటి రెండుసార్లు నేను పోల్చుకోకముందే పట్టేశాడు. స్కాట్లాండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెన్నీకి పన్నెండేళ్ల వయసుకే వినికిడి దాదాపు పోయింది. ఆమె తాళవాద్యాలలో ప్రపంచ ప్రసిద్ధి పొందారు. అదురు పాదాలకు తెలియాలని చెప్పులు లేకుండా వేదిక ఎక్కుతారు. మావాడికి ఆమె పేరు కూడా తెలియదు, వాడిది సొంత విద్య.

వాడికి అందనిది మాట. పాటలో ఏముందో నేను చేతులతో చెబుతాను. సగం వాడు బడిలో నేర్చుకున్న సంజ్ఞాభాష, సగం మా ఇంటి సైగలు. సరిగ్గా మంచి పాట దగ్గరే దీపాలు ఆర్పేస్తారు. చీకట్లో మా ఇద్దరికీ మాట పడిపోతుంది. వాడు ఫోను వెలుగు నా చేతుల మీదికి తిప్పితే, వెనకవాళ్లకు ఇబ్బందని ఒక కార్యకర్త వచ్చి ఆర్పించాడు. సంజ్ఞాభాష తెలిసిన మనిషిని వేదిక పక్కన నిలబెట్టి, ఆ చేతుల మీద ఆరిపోని దీపం ఒకటి పెట్టమని అడుగుతున్నాను. బధిరుల పాఠశాలల ఉపాధ్యాయులను సంప్రదించవచ్చు. సేవ పేరు చెప్పి ఉత్తచేతులతో పంపకుండా పారితోషికం ఇవ్వాలి, పాటల జాబితా ముందే అందించాలి. పాటను అప్పటికప్పుడు సైగల్లోకి తేవడం తేలిక కాదు.

వేదికకు రెండు వైపులా పెద్ద తెరలున్నాయి. వాటి నిండా నాయకుల శుభాకాంక్షలు, నగల దుకాణాల ప్రకటనలు. పాటల సాహిత్యం కూడా వాటి మీద వేయవచ్చు. ఆ మోతలో చెవులున్నవాళ్లకైనా చరణాలు ఎన్ని అర్థమయ్యాయి? అంతకంటే ముఖ్యం, మైకులో చెప్పే సూచనలు. రద్దీ పెరిగిందని ఒక గేటు మూసి, ఉత్తరం వైపు వెళ్లమని మైకులో చెప్పారు. మంచినీళ్లకు వెళ్లిన మావాడు, జనం ఎటు తోస్తున్నారో తెలియక మూసిన గేటు దగ్గరే ఇరుక్కున్నాడు. తరువాత అడిగితే “మైకులో చెప్పాం కదా” అన్నారు. 2015 పుష్కరాలలో తొక్కిసలాట చూసిన ప్రాంతం మనది. గేటు మార్పు ఆ తెరల మీద పెద్ద అక్షరాలతో వేయడానికి ఎంతసేపు పడుతుంది?

వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. సాంస్కృతిక జీవితంలో, వినోదంలో అందరితో సమానంగా పాల్గొనే మా హక్కుకు ప్రభుత్వాలూ స్థానిక సంస్థలూ చర్యలు తీసుకోవాలని దాని 29వ సెక్షన్ చెబుతోంది. అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. పోలీసుల అనుమతి, అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండా ఏ ఉత్సవానికీ పందిరి లేవదు. ఆ అనుమతి పత్రంలోనే దారి వెడల్పు, ర్యాంపు పొడవు, నేల మట్టంలో మరుగుదొడ్డి, తెర మీద సూచనలు చేర్చమని జిల్లా అధికారులను కోరుతున్నాను. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి కనుక ఇప్పుడే చేర్చాలి. ఒడ్డున సాయంత్రం కచేరీలు పెట్టక మానరు, మేమూ రాక మానం.

నిర్వాహకులు ఈసారి గుంజలు పాతకముందే కబురు పెడితే టేపు పట్టుకుని నేనే వస్తాను. మావాడిని కూడా తీసుకొస్తాను, దీపం ఎక్కడ ఉండాలో వాడే చూపిస్తాడు. పండుగల ముందు మాత్రం పిలవకండి, దుకాణంలో జాకెట్లు గుట్టగా పడి ఉంటాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజోలు