వెనక నుంచి వచ్చే సైకిలు

ప్రియ మిత్రమా,

నడిచేవాళ్లూ సైకిళ్లూ కలిసి సాగే దారిలో బెల్లు కొడితే కొందరు విసుక్కుంటున్నారనీ, కొట్టకపోతే ఉలిక్కిపడి తిడుతున్నారనీ రాశావు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నాకు తోచినంతవరకు వాళ్ల కోపం బెల్లు మీద కాదు, అది ఎంత దూరంలో మోగిందన్న దాని మీద.

కాస్త లెక్క వేసి చూడు. నువ్వు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, ముందున్న మనిషి 5 కిలోమీటర్ల వేగంతో అటే నడుస్తుంటే, మీ మధ్య దూరం సెకనుకు 4 మీటర్లకు పైగా తరిగిపోతుంది. 10 మీటర్ల దూరంలో బెల్లు కొట్టావంటే ఆ మనిషికి రెండున్నర సెకన్లు కూడా మిగలవు. అంతలోనే చప్పుడు విని, అది సైకిలని పోల్చుకుని, ఏ పక్కనుంచి వస్తోందో చూసుకుని, పక్కనున్న పిల్లవాడి చెయ్యి అందుకోవాలి. 30 మీటర్ల నుంచే కొడితే ఏడు సెకన్లు దొరుకుతాయి. అందుకని దూరం నుంచి ఒక్కసారి తేలికగా కొట్టి, వేగం తగ్గించి, దగ్గరికి వచ్చాక నోటితో చెప్పడమే మేలు. ఆగకుండా టింగుటింగుమని మోగిస్తే అది హెచ్చరికలా ఉండదు, గదమాయింపులా ఉంటుంది.

ఏం చెప్పాలన్నది ఇంకో చిక్కు. వాహనాలు కుడిపక్కన నడిచే అమెరికాలో, దాటేవాళ్లు ‘మీ ఎడమవైపు’ అని పలకడం ఆనవాయితీ. తొందరలో ఆ ‘ఎడమ’ ఒక్కటే చెవిన పడి, సరిగ్గా అటే జరిగేవాళ్లు ఉంటారు! ‘వెనక సైకిలు వస్తోందండీ’ అంటే చాలు. ఏ పక్కనుంచి దాటాలో వాళ్లు తిరిగి చూశాక నువ్వే నిర్ణయించుకోవచ్చు.

ఎవరూ తిరిగి చూడకపోతే వినలేదనే అనుకో. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండవచ్చు, వినికిడి లేకపోవచ్చు, ఎదురుగాలికి నీ బెల్లు వాళ్లదాకా చేరకపోవచ్చు. బ్రిటన్ రహదారి నియమావళి కూడా, 2022లో సవరించాక, పాదచారులను మరీ దగ్గరగా గానీ వేగంగా గానీ, ముఖ్యంగా వెనక నుంచి, దాటవద్దంటుంది. వాళ్లలో వినపడనివారు, చూపులేనివారు ఉండవచ్చని గుర్తుచేస్తుంది. అలాంటప్పుడు నడక వేగానికి దిగిపోవడం తప్ప మార్గం లేదు, అవసరమైతే కాలు కింద పెట్టాలి.

బెల్లు అన్ని చోట్లా పనికిరాదు. గుర్రం వెనక మోగిస్తే అది బెదరవచ్చు, అక్కడ మనిషి గొంతే నయం. కుక్కను పట్టుకుని నడిచేవాళ్లు ఉంటే, మనిషికీ కుక్కకూ మధ్య దారికి అడ్డంగా సాగి ఉన్న తాడును ముందు చూసుకో. అది దూరం నుంచి కంటికి ఆనదు. ఇక తొక్కడం ఆపినప్పుడు వెనక చక్రం ఫ్రీవీల్ చేసే టిక్‌టిక్ శబ్దం, ప్రశాంతమైన చోట, బెల్లు కంటే మర్యాదగా కబురు చెబుతుంది. అయితే కొన్ని సైకిళ్లలో ఆ శబ్దం దాదాపు వినిపించదు, నీదెలాంటిదో ఒకసారి గమనించు.

మీరు నలుగురు కలిసి వెళ్తారు కనుక ఒక్క మాట. మొదటి సైకిలు దాటగానే నడిచేవాళ్లు మళ్లీ దారి మధ్యకు వచ్చేస్తారు, రెండోవాడికి చిక్కు అక్కడే. ముందు వెళ్లేవాడు ‘ఇంకా ముగ్గురున్నారండీ’ అని చెప్పాలి, చివరివాడు ‘నేనే ఆఖరు’ అని చెప్పి దాటాలి. ఈసారి వెళ్లినప్పుడు అలా చేసి, ఎలా ఉందో రాయి.

నీ మిత్రుడు