వీఆర్ రానీయండి, కథను మాత్రం మాకు దూరం చేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో, పేరున్న గేమ్ సిరీస్‌లు వర్చువల్ రియాలిటీకి (వీఆర్), అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆటలోపలే ఉన్నట్టు ఆడే పద్ధతికి, మారడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయంలో అభిమానులు రెండు వర్గాలయ్యారని రాస్తూ, వద్దంటున్న వాళ్లను మార్పు గిట్టని పాతతరం అన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. ఆ వద్దంటున్న వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఎందుకు వద్దంటున్నానో ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఉత్తరం పొడవైతే మన్నించండి.

2005లో నేను విజయనగరంలో బీఎస్సీ చదువుతున్నాను, తమ్ముడు ఇంటర్. గంటస్తంభం దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకి 15 రూపాయలు. అక్కడ కుర్రాళ్లంతా కౌంటర్‌స్ట్రైక్ ఆడేవాళ్లు. అది 1998లో వాల్వ్ కంపెనీ తెచ్చిన హాఫ్-లైఫ్ అనే గేమ్ మీద అభిమానులు కట్టుకున్నదని నాకు తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం జనం లేనప్పుడు, మూలనున్న సిస్టంలో తమ్ముడు హాఫ్-లైఫ్ 2 పెట్టి, "అక్కా, ఇందులో హీరో మీ ఫిజిక్స్ మాస్టారే" అన్నాడు. నిజమే. గోర్డన్ ఫ్రీమన్ భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు. కళ్లజోడు పెట్టుకుంటాడు, చేతిలో గునపం పట్టుకుంటాడు, ఆట మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు.

ఆ గేమ్‌లో ఒకచోట పైకి ఎక్కడానికి దారి ఉండదు. పొడవాటి బల్ల ఒకటి మధ్యలో ఆని ఉంటుంది. ఒక చివర సిమెంటు ఇటుకలు పేరిస్తే రెండో చివర పైకి లేస్తుంది, దాని మీదుగా ఎక్కిపోవాలి. ఇంకోచోట నీళ్లలో ఉన్న పలక కిందికి ఖాళీ డ్రమ్ములు తోస్తే అది పైకి తేలుతుంది. పుస్తకంలో చదివినది చేత్తో చేసినట్టు నాకు అనిపించడం అదే మొదటిసారి. ఇప్పుడు నేను జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. తులాదండం పాఠం వచ్చినప్పుడు పైడితల్లమ్మ జాతరలో పూజారిని చివర కూర్చోబెట్టి పైకి లేపే సిరిమానునూ, ఆ గేమ్‌లోని బల్లనూ బోర్డు మీద పక్కపక్కనే గీస్తాను. పిల్లలు సిరిమానును వెంటనే పట్టేస్తారు. బల్ల దగ్గర ఆగి, తర్వాత ఏమైంది టీచర్ అని అడుగుతారు.

2009 చివర్లో మా నాన్న పోయారు. జూట్ మిల్లులో పనిచేసేవారు, ఊపిరితిత్తుల జబ్బు. ఆ మరుసటి ఏడాది నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంలో కొంత పెట్టి ఆరెంజ్ బాక్స్ కొన్నాను. హాఫ్-లైఫ్ 2, దాని కొనసాగింపులైన ఎపిసోడ్ వన్, ఎపిసోడ్ టూ అన్నీ అందులోనే ఉంటాయి. ఆ వేసవి సెలవుల్లో తమ్ముడూ నేనూ వంతులేసుకుని ఆడాం. ఎపిసోడ్ టూ చివర్లో అలిక్స్ అనే అమ్మాయి కళ్లముందే ఆమె తండ్రి ఈలైని చంపేస్తారు. ఆ సమయంలో గోర్డన్‌ని ఏదో శక్తి కదలకుండా పట్టేస్తుంది. మౌస్ మన చేతిలోనే ఉంటుంది, ఎంత తిప్పినా ఏమీ చేయలేం. ఆ అమ్మాయి తండ్రి మీద పడి ఏడుస్తుండగా తెర నల్లబడిపోతుంది. నాన్న పోయిన రాత్రి ఆసుపత్రి వరండాలో మా ఇద్దరి పరిస్థితీ అంతే. తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోయాడు. మేం దాని గురించి చాలాకాలం మాట్లాడుకోలేదు.

ఆ గేమ్ వచ్చింది 2007 అక్టోబరులో. తర్వాతి భాగం రాలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూశాం. ఈలైకి గొంతిచ్చిన నటుడు రాబర్ట్ గియోమ్ 2017లో కన్నుమూశారు. ఇక కథ ఆగిపోయినట్టే అనుకున్నాను. 2019 నవంబరులో కొత్త గేమ్ ప్రకటించారు, పేరు హాఫ్-లైఫ్: అలిక్స్. వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవాళ్లకు మాత్రమే. అది విడుదలైంది 2020 మార్చి 23న. ముందురోజే జనతా కర్ఫ్యూ. రెండు రోజుల తర్వాత దేశమంతా లాక్‌డౌన్. వాల్వ్ వాళ్ల సొంత హెడ్‌సెట్ పూర్తి కిట్టు ధర 999 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో 70 వేల రూపాయలు దాటింది. దానికి తోడు మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి. ఇంట్లో అమ్మ బీపీ మందులకే టెన్షన్ పడుతున్న రోజులవి.

ఇంకా ఆడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. హాఫ్-లైఫ్: అలిక్స్ కథ హాఫ్-లైఫ్ 2 కంటే ఐదేళ్ల ముందు జరుగుతుంది. కనుక ఇది పక్క కథే అనుకున్నాం. కానీ చివర్లో అలిక్స్‌కి తన తండ్రికి జరగబోయే చావును చూపిస్తారు. ఆమె దాన్ని ఆపుతుంది. అంటే ఎపిసోడ్ టూలో మేం చూసిన చావు ఇక లేదు, ఈలై బతికాడు. ఆ తర్వాత మళ్లీ గోర్డన్‌గా లేస్తాం. ఎదురుగా ఈలై నిలబడి గునపం మన చేతికిస్తాడు. మౌస్ నొక్కడం కాదు, చెయ్యి చాపి అందుకోవాలి. ఆ ఘట్టాన్ని నేను లాక్‌డౌన్‌లో, డాబా మీద కూర్చుని, ఫోన్లో ఎవరో పెట్టిన వీడియోలో చూశాను. చాపిన చేతులు వేరేవాళ్లవి. ఇన్నేళ్ల తర్వాత ఆ తండ్రి బతికివస్తే, అందుకున్నది నేను కాదు. ఆ రోజు వచ్చిన దుఃఖం మార్పు గిట్టకపోవడం వల్ల వచ్చింది కాదండీ.

వీఆర్‌లో గొప్పతనం లేదని నేను అనను. ఒక దసరాకి తమ్ముడు హైదరాబాదు నుంచి క్వెస్ట్ 2 హెడ్‌సెట్, తన గేమింగ్ లాప్‌టాప్ తెచ్చాడు. సిరిమానోత్సవం మరునాడు హాల్లో టీపాయ్, కుర్చీలు జరిపి చోటు చేశాం. గోడకి గుద్దుకోకుండా అమ్మ నా చీరకొంగు పట్టుకుని నిలబడింది. మొదటి పది నిమిషాలు నేను బాల్కనీలోంచి కథ జరిగే నగరం సిటీ 17ని చూస్తూ ఉండిపోయాను. తల వంచితే కింద వీధి లోతు తెలిసింది. గాజు పలక మీద మార్కర్‌తో తమ్ముడి పేరు తెలుగులో రాశాను. చేతికి తొడిగే గ్లౌజులతో దూరంగా ఉన్న వస్తువును చూపి మణికట్టు తిప్పితే అది ఎగిరి చేతిలోకొస్తుంది. పిస్తోలులో తూటాలు అయిపోతే భుజం వెనక్కి చెయ్యి పెట్టి తూటాలున్న మేగజైన్ తీయాలి, కింద దూర్చాలి, స్లైడ్ లాగాలి. ఎదుట శత్రువు ఉన్నప్పుడు చేతులు వణికి ఆ మేగజైన్ నేలమీద పడిపోయింది. కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కితే ఈ భయం రాదు.

గుడ్డిదైన ఒక వింత జీవి ఉండే భాగం గురించి అందరూ చెబుతారు. దాని పేరు జెఫ్. చప్పుడైతే వచ్చి పడుతుంది. అక్కడ గాలిలోని బీజాల వల్ల దగ్గొస్తుంది, అందుకని మన చేతిని మన నోటికి అడ్డం పెట్టుకోవాలి, లేదా మాస్కు వెతికి పెట్టుకోవాలి. లోకమంతా నోటికి గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టిన రోజుల్లోనే ఆ గేమ్ రావడం గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత అభిమానులే హెడ్‌సెట్ లేకుండా ఆడే మాడ్‌లు, అంటే అసలు గేమ్‌కి సొంతంగా చేసే మార్పులు, తయారుచేశారు. తమ్ముడు అదీ పెట్టి చూపించాడు. ఆ భాగంలో నోరు మూసుకోవడం ఒక మీటగా మారిపోయింది. కథ మిగిలింది, భయం పోయింది. కాబట్టి వీఆర్ కోసమే మొదట్నుంచీ కట్టిన గేమ్‌ని మామూలు తెరకు తెస్తే నష్టముంటుందన్న వాదన సరైనదే. ఒప్పుకుంటున్నాను.

కానీ నా శరీరం ఒప్పుకోలేదు. జెఫ్ దాకా చేరడానికే నాకు మూడు రోజులు పట్టింది. ఇరవై నిమిషాలు దాటితే కళ్లు తిరిగి వాంతి వచ్చేది. సాలూరు దాటి ఘాట్ ఎక్కే బస్సులో చిన్నప్పటినుంచీ నాకు ఇదే బాధ, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేదాన్ని. కారణం రెండింటికీ ఒకటే. మన లోచెవిలో మూడు అర్ధవృత్తాకార గొట్టాలుంటాయి, వాటిలోని ద్రవం తల తిరుగుడును మెదడుకు చెబుతుంది. బస్సులో సీటు వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంటే కన్ను కదలిక లేదంటుంది, చెవి ఉందంటుంది. వీఆర్‌లో తిరగబడుతుంది. కన్ను నడుస్తున్నావంటుంది, చెవి కూర్చునే ఉన్నావంటుంది. ఈ పొసగకపోవడమే వికారానికి కారణం. అలిక్స్ తయారుచేసినవాళ్లకు ఇది తెలుసు. నడవడానికి బదులు ఒకచోటినుంచి ఇంకోచోటికి గెంతే పద్ధతి పెట్టారు. కూర్చుని ఆడొచ్చు, ఒంటిచేత్తో ఆడొచ్చు. అంత శ్రద్ధ పెట్టినందుకు వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. అవన్నీ పెట్టుకునే నేను ఇరవై నిమిషాలు నిలవగలిగాను. మా అమ్మకైతే రెండు నిమిషాలకే తల పట్టేసింది. డబ్బు కూడబెట్టి హెడ్‌సెట్ కొనొచ్చు. లోచెవిని మార్చుకోలేం కదా.

అందుకే నేను అడిగేది ఇది. ఒక సిరీస్‌ని ఇరవై ఏళ్లు జనం తెర ముందు కూర్చుని ప్రేమించినప్పుడు, ఆ కథలో ప్రధానమైన మలుపును వీఆర్‌లో మాత్రమే పెట్టకండి. రెండు విధాలా తీసినవాళ్లున్నారు. రెసిడెంట్ ఈవిల్ 7ని 2017లో టీవీ మీదా, ప్లేస్టేషన్ హెడ్‌సెట్‌లోనూ మొదటినుంచి చివరిదాకా ఆడేలా విడుదల చేశారు. గ్రాన్ టురిస్మో 7 కొన్నవాళ్లకు 2023 ఫిబ్రవరిలో వీఆర్‌ని ఉచితంగా కలిపారు. హాఫ్-లైఫ్ 2నే చూడండి. కంపెనీ కాదు, అభిమానులే దానికి వీఆర్ మాడ్ తయారుచేసి 2022లో ఉచితంగా ఇచ్చారు. అక్కడ తెర ముందు కూర్చున్నవాడికి గానీ, హెడ్‌సెట్ పెట్టుకున్నవాడికి గానీ కథలో ఏమీ తగ్గలేదు.

రెండు రకాలుగా చేస్తే ఖర్చెక్కువ అంటారు. నిజమే కావచ్చు. అలాంటప్పుడు వీఆర్‌కి పక్క కథలు ఇవ్వండి. అసాసిన్స్ క్రీడ్ నెక్సస్, బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ షాడో హెడ్‌సెట్‌కే పరిమితమయ్యాయి. నాకు వాటిమీద ఫిర్యాదు లేదు, చూడలేకపోయినా నా కథ ఎక్కడా తెగలేదు. అలిక్స్ విషయంలో తెగింది. ఆ గేమ్ రావడానికి రెండు వారాల ముందు, 2020 మార్చి 6న, మొదటి హాఫ్-లైఫ్‌ను అభిమానులు తమ చేతులతో కొత్తగా కట్టిన బ్లాక్ మీసా పూర్తి రూపంలో వచ్చింది. ఏళ్ల తరబడి చేసిన పని అది. మామూలు తెర మీద ఆడొచ్చు. అంత ప్రేమ ఉన్నవాళ్లను మార్పు గిట్టనివాళ్లు అనడం న్యాయం కాదు.

మీ పత్రికకు ఒక విన్నపం. వీఆర్ గేమ్ గురించి రాసినప్పుడు బొమ్మలు ఎంత బాగున్నాయో రాయడంతో ఆపకండి. కూర్చుని ఆడొచ్చా, ఒక చెయ్యే ఉన్నవాళ్లు ఆడొచ్చా, గెంతే నడక ఉందా, హెడ్‌సెట్ మన దేశంలో అధికారికంగా దొరుకుతుందా, మామూలు తెర మీద కూడా ఉందా అన్నవి నాలుగు వాక్యాల్లో రాయండి. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు గేమ్స్ గురించిన మీ పేజీని కత్తిరించి నోటుపుస్తకాల్లో అంటించుకుంటారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో ఉన్నది నాన్న ఫోను ఒక్కటే. ఏది తమకు అందుతుందో, ఏది అందదో వాళ్లకు ముందే తెలియాలి.

ఈ దసరాకి తమ్ముడు మళ్లీ వస్తున్నాడు. ఆ గేమ్ వాడు పూర్తిచేశాడు. నేను వాడిని ఒక్కటే అడిగాను, చివరి ఘట్టానికి కొంచెం ముందు సేవ్ చేసి ఉంచమని. అక్కడ పెద్దగా నడవక్కర్లేదు, కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాలు తట్టుకుంటే చాలు. ఈలై ఇచ్చే గునపం ఈసారి నా చేత్తో అందుకుంటాను.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయిని,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా