నాగుల చవితికి నారు నాటితే ఆలస్యమేమీ కాదు

సంపాదకులకు,

వానలు కాస్త తెరిపి ఇవ్వగానే పేపర్లలో పెరటి తోట సలహాలు మొదలవుతాయి. వంగ, టమాటా, క్యాబేజీ నారును సెప్టెంబరులోనే నాటేయమంటారు. హైదరాబాదు మిద్దెలకు ఆ లెక్క కుదురుతుందేమో గానీ శ్రీకాకుళం, విజయనగరం పెరళ్లకు కుదరదు. పైలిన్ తుపాను తీరం దాటింది 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న. గులాబ్ అయితే 2021 సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర దాటింది. ఏటా తుపాను వస్తుందని కాదు. కానీ సెప్టెంబరులో నాటిన మొక్క వేరు పట్టుకునే రోజులూ, మనకు గాలివాన భయం ఉండే రోజులూ ఒకటే.

అందుకే దసరా సెలవుల్లో విత్తనం వేసి, నాగుల చవితి అటూ ఇటూగా నాటడం మేలు. నాటే వయసు టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్‌లకు 25 నుంచి 30 రోజులు, వంగకు 30 నుంచి 35, మిరపకు 40 వరకు. కాబట్టి మిరప గింజ పది రోజులు ముందే పడాలి. ఒక గ్రాము టమాటా గింజల్లో దాదాపు 300 ఉంటాయి. ఇంటికి పదిహేను మొక్కలు చాలనుకుంటే పొట్లం మొత్తం ఒలకబోయడం దండగ.

నారును నేలలో కాకుండా ట్రేలలో పెంచడమే నయం. రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు వానపాముల ఎరువు కలిపితే చాలు. పొట్టును ముందు రెండు మూడు నీళ్లలో కడిగి పిండాలి, లేకపోతే అందులోని ఉప్పుకు మొలక మాడుతుంది. తుపాను హెచ్చరిక రాగానే ట్రేను వరండాలోకి తెచ్చుకోవచ్చు. అయితే రెండు రోజులకు మించి చీకట్లో ఉంచితే నారు సాగిపోయి, కాడ దారంలా తయారవుతుంది. వానకు తడవకుండా పాలిథిన్ కప్పేవాళ్లు వెదురు బద్దలు వంచి గుడారంలా ఎత్తి కప్పాలి. ఆకుకు తగిలితే లోపల ఆవిరి పట్టి నారుకుళ్లు వస్తుంది. కాడ మొదలు నల్లబడి మొక్క పడిపోవడం కనిపిస్తే నీళ్లు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. సాయంత్రం నీళ్లు పోసే అలవాటు ఉంటే ఈ నెలన్నరా మానుకోవాలి.

ఇక మడులు. నారు ట్రేలో ఎదుగుతున్న నెల రోజులూ చేయాల్సిన పని ఇదే. మడి వెడల్పు మూడు అడుగులు మించితే మధ్యకు చెయ్యి అందదు, లోపలికి దిగి తొక్కేస్తాం. ఎర్ర నేలల్లో, బంక నేలల్లో మడిని తొమ్మిది అంగుళాల నుంచి అడుగు దాకా ఎత్తు చేసి, మధ్యలో అడుగు కాలువ వదలాలి. ఆ కాలువ ఎక్కడికి పోతుందన్నది అసలు ప్రశ్న. చుట్టూ ప్రహరీ కట్టిన ఇళ్లలో నీటికి దారే ఉండదు. పల్లం వైపు గోడ అడుగున నాలుగంగుళాల పైపు ఒకటి పెట్టించాలి, ఎలుకలు రాకుండా దానికి జాలీ బిగించాలి. ఉద్దానం ఇసుక నేలల్లో మాత్రం మడి ఎత్తు చేయకూడదు, తొందరగా ఎండిపోతుంది. అక్కడ నీరు నిలవదు, ఎరువే కిందకు కారిపోతుంది. కాబట్టి ఎరువు ఒకేసారి కాక పదిహేను రోజులకోసారి కొద్దికొద్దిగా వేయాలి.

పదడుగుల మడికి బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) 10 కిలోలు, వేపపిండి పావుకిలో సరిపోతాయి. పచ్చి గెత్తం వేస్తే వేరుపురుగుకు విందు పెట్టినట్టే.

ఎండ లెక్క చాలామంది మర్చిపోతారు. జూన్‌లో నడినెత్తిన ఉన్న సూర్యుడు డిసెంబరుకు బాగా దక్షిణానికి వాలిపోతాడు. అప్పుడు మన దగ్గర పదడుగుల గోడ నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు తొమ్మిది అడుగులు పడుతుంది. కాబట్టి గోడకు ఉత్తరాన టమాటా పెట్టకండి. చిక్కుడు, ఆనప పందిళ్లు పెరటికి ఉత్తరపు చివర ఉండాలి. పందిరికి సరుగుడు గుంజలు రెండడుగుల లోతు పాతి, మూలలకు ఏటవాలుగా తాళ్లు లాగి కట్టాలి. నాటు చిక్కుడు పగటి నిడివి తగ్గాకే పూస్తుంది. పూత రాలేదని అక్టోబరులో యూరియా వేస్తే ఆకు పెరుగుతుందే తప్ప కాయ రాదు.

గాలివాన తగ్గిన మర్నాడు ఏం చేయాలో కూడా మీ జిల్లా పేజీలో వేయండి. ముందు కాలువలు తెరవాలి. నీరు నిలిచిన మడిలో వేరుకు గాలి అందక మొక్క వాడుతుంది. దాహమనుకుని మళ్లీ నీళ్లు పోస్తారు, దాంతో అది చస్తుంది. బారువ, కళింగపట్నం వంటి తీరపు ఊళ్లలో ఆకుల మీద పడ్డ ఉప్పు తుంపరను అదే రోజు మంచినీళ్లతో కడిగేయాలి. ఆకులు పసుపెక్కితే, సంచి మీద 13-0-45 అని ఉండే పొటాషియం నైట్రేట్‌ను లీటరుకు 10 గ్రాములు కలిపి చల్లితే కోలుకుంటాయి.

నీరు తీశాక కూడా వంగ, టమాటా పచ్చగా ఉండగానే వేలాడిపోతే అనుమానించాలి. మొదలు దగ్గర కాడను కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి ముంచండి. కొద్ది నిమిషాల్లో కోత నుంచి తెల్లటి పొగలాంటి దారం దిగితే అది బ్యాక్టీరియా ఎండుతెగులు. దానికి మందు లేదు. మొక్కను మట్టితో సహా తీసి కాల్చేయాలి, ఎరువు గుంటలో వేయకూడదు. ఆ చోట మళ్లీ వంగ, టమాటా, మిరప, బంగాళదుంప పెట్టకుండా మొక్కజొన్నో క్యాబేజీయో వేసుకోవాలి. కొనుక్కొచ్చిన నారుతోనే చాలాసార్లు ఈ తెగులు ఇంట్లోకి వస్తుంది.

కొత్తిమీర కూడా నాగుల చవితి తర్వాతే. ధనియాలను చెప్పుకింద నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి వేస్తే ఎనిమిది, పది రోజుల్లో మొలుస్తుంది. మొలకలు రాలేదని ఐదో రోజున మడి తవ్వి చూడకండి.

– ఒక పాఠకుడు, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా