నీ తొలి ఓటు, ముగ్గురు సెనేట్ అభ్యర్థులు

ఎడిసన్, న్యూజెర్సీ
2024 మే 19

చిరంజీవి చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. మెయిల్ బ్యాలెట్ అందిందని, సెనేట్ స్థానానికి డెమొక్రటిక్ అభ్యర్థిగా ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నానని నిన్న ఫోనులో అన్నావు. నేను మన రాష్ట్ర కాంగ్రెస్ సభ్యుడు ఆండీ కిమ్‌కు వేయాలని నిర్ణయించుకున్నాను. ఎందుకో వివరంగా రాస్తున్నాను, చదివి నీకు తోచినట్టు చెయ్యి.

1972 తర్వాత మన రాష్ట్రంలో రిపబ్లికన్ ఎవరూ సెనేట్ ఎన్నికలో గెలవలేదు కాబట్టి అసలు ఎంపిక నవంబరు ఎన్నికలో కంటే, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఈ ప్రైమరీలోనే జరుగుతుందని నా నమ్మకం. అయితే అందరూ ఒకే పార్టీవారు కావడంతో గర్భస్రావ హక్కు గురించైనా, వైద్య ఖర్చుల గురించైనా వాళ్ల మాటల్లో పెద్ద తేడా కనిపించదు. అందుకే ఎవరు ఎవరి బలంతో ఇంతదాకా వచ్చారు, రేపు సెనేట్‌లో ఎవరికి బాకీపడి ఉంటారు అన్నదే నేను ముందుగా చూస్తాను. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్న బాబ్ మెనెండెజ్ ఇంట్లో ఎఫ్‌బీఐకి బంగారు కడ్డీలు, లక్షల డాలర్ల నగదు దొరికాయి. తాను నిర్దోషినని ఆయన అంటున్నారు, మన్‌హటన్ కోర్టులో లంచాల కేసు విచారణ మొదలైంది. తీర్పు ఏదైనా, ఈసారి బాకీల సంగతి పట్టించుకోకుండా ఓటు వేయడం నాకు సాధ్యం కాదు.

నీ చేతిలో ఉన్న బ్యాలెట్‌ను ఒకసారి జాగ్రత్తగా చూడు. సెనేట్ అన్న శీర్షిక కింద ముగ్గురి పేర్లూ ఒకేచోట ఉన్నాయి కదా, ఇది మన రాష్ట్రానికి కొత్త. ఇన్నాళ్లూ 21 కౌంటీల్లో (జిల్లాల్లాంటివి) 19 చోట్ల పార్టీ నాయకులు బలపరిచినవారి పేర్లన్నీ, అధ్యక్ష పదవి మొదలు ఊరి పదవుల దాకా, ఒకే వరుసలో అచ్చయ్యేవి. మిగిలినవాళ్ల పేర్లు ఎక్కడో మూలన వెతుక్కోవలసి వచ్చేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్నట్టుగా సాగిన పద్ధతి అది. నిరుడు నవంబరులో గవర్నర్ భార్య టామీ మర్ఫీ పోటీకి దిగగానే పెద్ద కౌంటీల నాయకులు కొద్ది రోజుల్లోనే ఆమె వెనుక నిలిచారు. తల్లుల ఆరోగ్యం కోసం ఆమె చేసిన కృషిని నేను తక్కువ చేయను. కానీ ఎన్నికైన పదవి ఏదీ ఎన్నడూ నిర్వహించని వ్యక్తికి, గవర్నర్ సంతకంతో పని పడే నాయకులు అంత వేగంగా మద్దతు పలకడం నాకు బాధ కలిగించింది. ఫిబ్రవరిలో ఆమె సొంత కౌంటీ మాన్‌మత్‌లో పార్టీ ప్రతినిధులు రహస్యంగా ఓటు వేసినప్పుడు కిమ్ గెలిచారు. మార్చి 24న ఆమె తప్పుకున్నారు. కిమ్, మరో ఇద్దరు అభ్యర్థులు వేసిన దావాలో న్యాయమూర్తి జాహిద్ ఖురేషీ మార్చి 29న ఈ ప్రైమరీకి డెమొక్రటిక్ బ్యాలెట్‌లో ఆ వరుసను నిలిపివేశారు.

మిగిలిన ముగ్గురిలో లారీ హామ్ నెవార్క్‌లో దశాబ్దాలుగా పోలీసు దౌర్జన్యాలకు వ్యతిరేకంగా పోరాడుతున్నారు. పదిహేడేళ్లకే ఆ నగర విద్యా మండలిలో సభ్యులయ్యారు. ఎల్ సాల్వడార్ నుంచి వలస వచ్చిన పట్రీసియా కాంపోస్-మెదీనా కార్మిక సంఘాల్లో ఎదిగిన మనిషి. ఇద్దరూ గౌరవించదగినవారే, ఎవరికి వేసినా నీ ఓటు వృథా అయిందని నేను అనుకోను. అయితే చట్టసభలో పనిచేసిన అనుభవం వారికి లేదు.

కిమ్ విషయానికి వస్తే, 2016లోను 2020లోను ట్రంప్‌కు ఎక్కువ ఓట్లు పడిన నియోజకవర్గంలో 2018లో పదవిలో ఉన్న రిపబ్లికన్‌ను ఓడించి, 2020లో మళ్లీ నిలిచారు. తనకు ఓటు వేయనివారి మాట కూడా వినకుండా అది సాధ్యం కాదు. కాపిటల్ (కాంగ్రెస్ భవనం) మీద దాడి జరిగిన రాత్రి ఆయన మోకాళ్ల మీద కూర్చుని చెత్త ఏరిన ఫోటోను అందరూ తలుచుకుంటారు కానీ, నేను అంతకంటే ఎక్కువ విలువ ఇచ్చేది మరో పనికి. మెనెండెజ్‌పై అభియోగాలు వెలువడిన మర్నాడే, ఏ కౌంటీ నాయకుడి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా ఆయన పోటీ ప్రకటించారు. ఆయన మీద విమర్శ లేకపోలేదు: కాంగ్రెస్‌కు పోటీ చేసినప్పుడు ఆ వరుస లాభం ఆయనకూ దక్కింది, అప్పుడు కోర్టుకు వెళ్లలేదు. ఆ మాట నిజమే. అయినా సెనేట్‌కు ఆయన ఎవరికీ బాకీపడకుండా వెళతారన్న నమ్మకం నాకు ఉంది.

బ్యాలెట్ నింపాక లోపలి కవరుకు అంటుకుని ఉన్న ధ్రువపత్రం మీద నీ సంతకం చెయ్యి, దాన్ని చించవద్దు. కవరు మీద జూన్ 4 లోపు పోస్టు ముద్ర పడాలి కాబట్టి ఈ వారంలోనే పంపించు.

ప్రేమతో,
నాన్న