ఊబకాయంపై పరిశోధన కోరాపుట్‌లో మొదలవ్వాలి

సంపాదకుడు గారికి,

ఊబకాయంపై ఈమధ్య మీరు వేసిన కథనంలో నగరాల జిమ్‌లు, డైటీషియన్ల సలహాలే కనిపించాయి. ఒడిశా సరిహద్దులో మా రాయగడ, కోరాపుట్ జిల్లాల తీరు వేరు. ఇక్కడ ఒకే ఇంట్లో బక్కచిక్కిన పిల్ల, బొజ్జ పెరిగిన తండ్రి, షుగర్ మాత్రలు మింగే నాయనమ్మ ఉంటారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం మందిది అధిక బరువు, 18.7 శాతం మందిది తక్కువ బరువు. వీటిని వేర్వేరు సమస్యలుగా వేర్వేరు ఆఫీసులు చూసుకుంటున్నాయి. పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993లో మొదలుపెట్టిన అధ్యయనం మాత్రం రెండింటికీ చుట్టరికం ఉందంటుంది. అక్కడి పల్లెల్లో పిల్లల పుట్టిన బరువు సగటున 2.7 కిలోలే. ఇంగ్లండ్ పిల్లలతో పోలిస్తే కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అలా పుట్టినవాళ్లు తర్వాత లావెక్కితే షుగర్ ముప్పు ఎక్కువ.

ఇది డాక్టర్లు మాత్రమే తేల్చగలిగేది కాదు. చోళ్లు (రాగులు), సామలు పండిన కొండ పొలాల్లో చాలాచోట్ల పత్తి, నీలగిరి తోటలు వచ్చాయి. ఇంట్లోకి కోటా బియ్యం, పామాయిల్ ప్యాకెట్ వచ్చాయి. సంతకు నడిచేవాళ్లు ఆటో ఎక్కుతున్నారు (ఎక్కొద్దనడానికి మనమెవరం? ఎండలో మోపు మోసినవాళ్లకే తెలుసు ఆ బాధ). ఇందులో దేని వాటా ఎంతో తేలాలంటే వ్యవసాయం, ఆర్థికం, మానవశాస్త్రం తెలిసినవాళ్లు డాక్టర్లతో కలిసి కూర్చోవాలి. ఊబకాయంపై బ్రిటన్ ప్రభుత్వం 2007లో వేయించిన ఫోర్‌సైట్ నివేదిక ఇలాంటి వందకు పైగా కారణాలను ఒకే పటంలో గీసి చూపింది.

కోరాపుట్‌లో వైద్య కళాశాల, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. జయపురంలో వ్యవసాయ పరిశోధన చేసే స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం ఉంది. 2017 నుంచి రాష్ట్రంలో చిరుధాన్యాల మిషన్ నడుస్తోంది. చోళ్లు మళ్లీ తింటున్న ఇళ్లలో షుగర్, నడుం కొలతలు ఎలా ఉన్నాయో చూడటానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది? ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుం కొలత ఇప్పటికే ఉంది. దాన్ని అంగన్‌వాడీ రిజిస్టర్‌తో, పుట్టిన బరువుతో, రేషన్ వివరాలతో కలిపి చదివే బృందాన్ని వేయమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ప్రశ్నలు మాత్రం ఇక్కడి కోందుల భాష కువిలో, తెలుగులో కూడా అడగండి. ఒడియాలోనే అడిగితే మా వీధిలో చాలామంది అన్నిటికీ తలూపి పంపేస్తారు.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాయగడ